ఎల్‌ఈడీ గోడ మేలా, కట్టిన ఊరు మేలా?

‘ది మాండలోరియన్’, ‘ఆండోర్’ రెండూ లూకాస్‌ఫిల్మ్ సంస్థ సీరియళ్లే, రెండూ ‘స్టార్ వార్స్’ కథాప్రపంచంలోవే. అయినా ‘ది మాండలోరియన్’ మొదటి సీజన్ (2019) తీసిన తీరుకూ, ‘ఆండోర్’ మొదటి సీజన్ (2022) తీసిన తీరుకూ పొంతనే లేదు.

మాండలోరియన్ హీరోకు మూడో ఎపిసోడ్ నుంచి ఒంటి నిండా తళతళలాడే లోహపు కవచం. అతన్ని గ్రీన్ మ్యాట్ (తర్వాత గ్రాఫిక్స్ నింపడానికి వెనక కట్టే పచ్చ తెర) ముందు నిలబెడితే శిరస్త్రాణమంతా పచ్చబారుతుంది. ఆ పచ్చదనాన్ని తర్వాత ఒక్కో ఫ్రేములో తుడుచుకుంటూ కూర్చోవాలి. అందుకని లాస్ ఏంజిలిస్ దగ్గర మాన్‌హాటన్ బీచ్‌లోని స్టూడియోలో 20 అడుగుల ఎత్తైన ఎల్‌ఈడీ గోడను 75 అడుగుల ఆవరణ చుట్టూ వంపు తిప్పి కట్టారు. కప్పు కూడా తెరే. వీడియో గేములకు వాడే అన్‌రియల్ ఇంజిన్ ఆ గోడ మీద ఎడారిని పరుస్తుంది. కెమెరా పక్కకు జరిగితే వెనకున్న కొండలూ అందుకు తగ్గట్టు జరుగుతాయి. సంధ్య వెలుగు కావాలంటే పొద్దున్నుంచి రాత్రి దాకా ఉంటుంది. కవచం మీద పడేది కూడా ఆ వెలుగే.

చిక్కులూ ఉన్నాయి. దృశ్యాలన్నీ షూటింగ్‌కు ముందే సిద్ధం కావాలి, ‘తర్వాత చూసుకుందాం’ అంటే కుదరదు. గోడ మీదికి సూటిగా ఫోకస్ పెడితే తెర మీద అలల్లాంటి చారలు తేలతాయి. అన్నిటికన్నా ఇరుకు పెద్ద ఇబ్బంది. నాలుగు ఎపిసోడ్లు చూశాక నా కంటికి మాత్రం ఆ గుండ్రటి నేల పట్టుబడిపోయింది.

ఆండోర్ సృష్టికర్త టోనీ గిల్రాయ్ ఆ గోడ జోలికే పోలేదు. ఇంగ్లండ్‌లోని బకింగ్‌హామ్‌షైర్‌లో ఆరుబయట, కథలోని ఫెరిక్స్ అనే ఊరినే కట్టించారు. కథలోని సైనిక స్థావరం కోసం స్కాట్లండ్‌లోని క్రూఖన్ ఆనకట్టకు వెళ్లారు. గ్రాఫిక్స్ లేవని కాదు, బోలెడు ఉన్నాయి. కానీ చివరి ఎపిసోడ్‌లోని శవయాత్ర చూడండి: బ్యాండు వాయిస్తూ జనం వీధి నిండా నడుస్తుంటే కెమెరా వాళ్ల మధ్యలోనే నడుస్తుంది. సందు మలుపు తిరిగితే అక్కడా ఊరే ఉంటుంది. దీన్ని 75 అడుగుల్లో తీయగలరా?

హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్‌లోనూ ఇలాంటి ఎల్‌ఈడీ వేదిక ఉంది. కారు ప్రయాణాలకూ, అద్దాలూ మెరుపులూ ఉన్న సన్నివేశాలకూ నా ఓటు గోడకే. జనం బతికే ఊరు చూపించాలంటే మాత్రం, ఖర్చయినా, వానకు తడిసినా, ఊరు కట్టాల్సిందే. అన్నట్టు, మాండలోరియన్‌లో ప్రేక్షకులు మనసు పారేసుకున్నది గోడ మీది దృశ్యాల మీద కాదు, వాటి ముందు చెవులాడిస్తూ కూర్చున్న గ్రోగూ అనే పచ్చటి పసివాడి మీద. ఆ పసివాడు చాలా వరకు గ్రాఫిక్స్ కాదు, చేతికి తగిలే బొమ్మే.