థీసిస్‌కి వర్డా, లేటెక్కా?

పీహెచ్‌డీ రాత మొదలయ్యే సమయానికి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వర్డ్‌లో పేజీ ఎలా వస్తుందో చూస్తూ టైపు చేస్తాం. లేటెక్‌లో రాతతో పాటు ఆదేశాలు కూడా రాసి, కంపైల్ చేస్తే పీడీఎఫ్ తయారవుతుంది. ఇంజినీరింగ్, సైన్స్ వాళ్లు "సమీకరణాలకి ల్యాబ్‌లో అందరూ లేటెక్ అంటున్నారు, మేమూ మారాలా?" అని అడుగుతారు. తెలుగు, చరిత్ర శాఖల వాళ్లు "మాకు సమీకరణాలు లేవు, వర్డ్ చాలు కదా?" అంటారు. ఇద్దరూ సమీకరణాలను బట్టే తేల్చేస్తున్నారు. అది రెండో విషయం. ముందు చూసుకోవాల్సింది, మీ గైడ్ గారు దిద్దుబాట్లు ఏ రూపంలో ఇస్తారన్నది.

ఒక్కో అధ్యాయం గైడ్ దగ్గరికి నాలుగైదు సార్లు వెళ్లి వస్తుంది. ఆయన వర్డ్ ఫైలు తెరిచి, ట్రాక్ ఛేంజెస్ (ప్రతి మార్పూ కనిపించేలా ఉంచే సదుపాయం) పెట్టుకుని వాక్యం వాక్యం దిద్దే మనిషి అయితే, లేటెక్‌తో మీరు ఆ దిద్దుబాటును పోగొట్టుకుంటారు. పీడీఎఫ్ పంపితే "47వ పేజీ, మూడో పేరా మార్చండి" అని మెయిల్లో నాలుగు ముక్కలు వస్తాయి, అంతే. పాన్‌డాక్ అనే కన్వర్టర్‌తో లేటెక్‌ని వర్డ్ ఫైలుగా మార్చి పంపవచ్చు. సమీకరణాలు బాగానే వస్తాయి. కానీ టిక్‌జడ్‌తో (లేటెక్‌లోనే బొమ్మలు గీసే ప్యాకేజీతో) గీసిన బొమ్మలు రావు, బొమ్మల, పట్టికల నంబర్లు చెదిరిపోతాయి. పైగా ఆయన దిద్దినవన్నీ మళ్లీ మీ మూల ఫైల్లో చేత్తో ఎక్కించుకోవాలి. అధ్యాయానికి నాలుగు సార్లు ఆ పని చేయడం ఎవరివల్లా కాదు.

ప్రింటు తీసి ఎర్ర పెన్నుతోనో, ట్యాబ్‌లో పీడీఎఫ్ మీదో దిద్దే గైడ్ అయితే లేటెక్‌కి ఏ అడ్డూ లేదు. "పోయినసారి నుంచి ఏం మార్చావు?" అని ఆయన అడిగితే లేటెక్‌డిఫ్ ఉంది. పాత ఫైలు, కొత్త ఫైలు ఇస్తే, తీసేసినవి ఎర్రగా కొట్టేసి, కలిపినవి నీలంగా గీత గీసి చూపే పీడీఎఫ్ తయారవుతుంది. అధ్యాయాలు వేరువేరు ఫైళ్లలో ఉంటే ఫ్లాటెన్ ఆప్షన్ పెట్టడం మరవకండి, లేకపోతే ప్రధాన ఫైల్లో మార్పులే కనిపిస్తాయి. పట్టికల లోపల మార్పులుంటే అది తరచూ ఎర్రర్ ఇస్తుంది. అలాంటప్పుడు తేడా తీసేంతవరకు ఆ పట్టికను పక్కన పెట్టండి. ఆన్‌లైన్‌లో లేటెక్ రాసుకునే ఓవర్‌లీఫ్‌లో ట్రాక్ ఛేంజెస్ ఉంది గానీ, దానికి డబ్బు కట్టాలి.

ఇక నంబర్ల సంగతి. కమిటీ చివర్లో "మూడో అధ్యాయం రెండుగా విడగొట్టండి" అందనుకోండి. లేటెక్‌లో ఒక అధ్యాయం ఆదేశం చేర్చి, రెండుసార్లు కంపైల్ చేస్తే బొమ్మలు, పట్టికలు, సమీకరణాలు, విషయసూచిక అన్నీ సర్దుకుంటాయి. వర్డ్ కూడా ఈ పని చేస్తుంది, మొదటి రోజు నుంచీ పద్ధతిగా రాస్తేనే. శీర్షికలన్నీ హెడింగ్ స్టైల్స్‌లో ఉండాలి. వాటికి మల్టీలెవెల్ లిస్ట్ ముడిపెట్టి ఉండాలి, అప్పుడే "బొమ్మ 3.2" అని అధ్యాయం నంబరుతో సహా వస్తుంది. బొమ్మ కింద రాసేది ఇన్సర్ట్ క్యాప్షన్‌తోనే రాయాలి, వాక్యంలో దాన్ని ప్రస్తావించేది క్రాస్ రిఫరెన్స్‌తోనే. తర్వాత కంట్రోల్-ఏ, ఎఫ్9 నొక్కితే నంబర్లు సర్దుకుంటాయి. అప్పుడు కూడా ఫుట్‌నోట్లలో ఉన్నవి మారవు, ఫుట్‌నోట్‌లోకి వెళ్లి విడిగా చేయాలి. "ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్" అని వచ్చిందంటే, అది చూపే క్యాప్షన్‌ని మీరు ఎక్కడో తీసేశారన్నమాట. సమర్పణకు ముందు ఆ మాటను ఫైలంతా వెతకండి. నిజానికి వర్డ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నంబర్లు చేత్తో టైపు చేయడం వల్ల వచ్చేవే.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. మామూలుగా లేటెక్‌ని కంపైల్ చేసే పీడీఎఫ్‌లేటెక్ తెలుగుకి పనికిరాదు. దాని బదులు జీలేటెక్ వాడాలి, ఫాంట్లు ఎంచుకునే ప్యాకేజీ ఫాంట్‌స్పెక్‌లో ఫాంటు పేరుతో పాటు స్క్రిప్ట్ తెలుగు అని చెప్పాలి. చెప్పకపోతే "స్త్రీ" అన్న మాట పొల్లులతో ముక్కలై, ఒత్తులు కింద కూర్చోకుండా పక్కన పడతాయి. భాషను ఎంచుకునే ప్యాకేజీ పాలీగ్లాసియాలో తెలుగు అని పెడితే పొడుగు సమాసాలు పంక్తి చివర సరైన చోట విరుగుతాయి, పెట్టకపోతే కుడి మార్జిన్ దాటి బయటికి పొడుచుకొస్తాయి. వర్డ్‌లో తంటా మరోలా ఉంటుంది. స్టైల్‌లో సైజు మార్చినా తెలుగు అక్షరాలు మారకపోతే, ఫాంట్ పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ కింద ఫాంటు, సైజు విడిగా మార్చాలి.

మానవీయ శాస్త్రాల వాళ్లకు లేటెక్ అక్కర్లేదనడం నేను ఒప్పుకోను. ఆధార గ్రంథాల పట్టికే అందుకు కారణం. తెలుగు పుస్తకాలు, ఇంగ్లిషు పుస్తకాలు, పత్రికలు అని వేరువేరుగా ఇవ్వడం మన శాఖల్లో ఆనవాయితీ. లేటెక్‌లో ఆధార గ్రంథాల కోసం ఉన్న ప్యాకేజీ బిబ్‌లేటెక్‌లో ప్రతి గ్రంథానికి ఒక కీవర్డ్ తగిలిస్తే అది తనే విడదీసి ఇస్తుంది. దానితో కలిసి గ్రంథాలను వరుసలో పెట్టే బైబర్ తెలుగు అక్షరక్రమాన్ని కూడా పాటిస్తుంది, పాత బిబ్‌టెక్‌తో అది కుదరదు. వర్డ్‌లో జొటెరో (గ్రంథాల వివరాలు దాచి, సైటేషన్లు పెట్టే సాఫ్ట్‌వేర్) ఒకే పట్టిక ఇస్తుంది. చివరికి అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి చేత్తో విడగొట్టాలి, ఆ తర్వాత ఒక్క పుస్తకం చేర్చాలన్నా చేతిపనే. అందుకే విడదీసే పని ఒక కాపీలో చేసి, లింకులున్న ఫైలుని భద్రంగా ఉంచండి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి, జొటెరోలో పేరు మొత్తం ఒకే గడిలో ఎక్కిస్తే తలకిందులు కాదు.

గూగుల్ డాక్స్ జర్నల్ పేపర్ చిత్తుప్రతికి బాగుంటుంది, మూడు వందల పేజీల థీసిస్‌కి బరువు. లిక్స్ అనే సాఫ్ట్‌వేర్ వర్డ్‌కి, లేటెక్‌కి మధ్యరకం, చిక్కొస్తే చెప్పేవాళ్లు తక్కువ. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేయించడం మాత్రం వద్దు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాదు. థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలోకి ఎక్కాక మీ థీసిస్‌లో ఒక్క తెలుగు మాట వెతికినా దొరకదు. ఇన్నేళ్ల శ్రమ తర్వాతి పరిశోధకుల కంటికి ఆనకుండా పోవడం నిజంగా బాధాకరం. ఇప్పటికే అనులో ఉంటే కన్వర్టర్‌తో మార్చి, ఒత్తుల దగ్గర ప్రతి పేజీ ప్రూఫు చూడండి.

మొత్తం మీద నా మొగ్గు లేటెక్ వైపే. గైడ్ ట్రాక్ ఛేంజెస్ మనిషి అయితే మాత్రం వర్డ్, జొటెరో, కచ్చితమైన స్టైల్స్. సగం థీసిస్ అయిపోయాక ఎటువైపూ మారకండి. తేల్చుకోలేకపోతే, ఒక బొమ్మ, ఒక పట్టిక, ఒక సమీకరణం, రెండు సైటేషన్లు, ఒక తెలుగు పేరా ఉన్న పది పేజీలు లేటెక్‌లో చేసి గైడ్‌కి పంపండి. దిద్దుబాట్లు ఏ రూపంలో తిరిగొస్తాయో, వాటిని ఎక్కించడానికి ఎన్ని గంటలు పడుతుందో చూసి నిర్ణయించుకోండి.