చీర అట్టల పుస్తకాలు: రైటర్స్ వర్క్‌షాప్‌తో ఇన్నేళ్లు

ముందే చెప్పేస్తాను. రైటర్స్ వర్క్‌షాప్ పుస్తకాన్ని అట్ట చూసి కొనకండి, నాలుగు పేజీలు తిరగేసి కొనండి. అలా ఏరుకున్నవి మా బీరువా పై అరలో ఉన్నాయి, ఎవరికీ అరువివ్వను. కలకత్తా గార్డెన్ రీచ్‌లో రైల్వే ఉద్యోగం చేసిన రోజుల్లో పట్టుకున్న అలవాటు ఇది. రిటైరై విశాఖ వచ్చేశాక కూడా పోలేదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇంగ్లీషులో రాసే మనవాళ్ల కవిత్వం, నాటకాలు, కథలు, అనువాదాలు వేయడానికి 1958లో కలకత్తాలో పెట్టిన సంస్థ. నడిపింది పి. లాల్. పుట్టింది పంజాబులో, పాఠాలు చెప్పింది సెయింట్ జేవియర్స్ కాలేజీలో. ఆఫీసంటే లేక్ గార్డెన్స్‌లో ఆయన ఇల్లే. 2010లో ఆయన పోయేనాటికి మూడు వేలకు పైగా పుస్తకాలు వేశారు.

చేతిలోకి తీసుకోగానే ఎవరి చూపైనా అట్ట మీదే ఆగుతుంది. ఒడిశా చేనేత చీర గుడ్డ కత్తిరించి అతికించిన అట్ట అది. పేరు లాల్ చేతిరాతలో, బంగారు రంగులో అద్ది ఉంటుంది. ఒకే పుస్తకం రెండు కాపీలు తీసుకుంటే రెండు రంగుల్లో ఉండొచ్చు, ఒక చీర అయిపోతే ఇంకో చీర కదా. పాత ముద్రణల్లో బైండింగ్ చేసినాయన పేరు కూడా అచ్చేశారు. మన పుస్తకాల్లో ముఖచిత్రం ఎవరిదో రాస్తారు గానీ, కుట్టింది ఎవరో నేనెక్కడా చూడలేదు.

కుట్టు గట్టిది. మా సముద్రపు గాలికి మామూలు పేపర్‌బ్యాకుల గమ్ము ఊడి పేజీలు రాలిపోతుంటే ఇవి నిలబడ్డాయి. గుడ్డ కాబట్టి దుమ్ము పడుతుంది, ఎండ తగిలిన వైపు రంగు వెలుస్తుంది. వీటికి అసలు శత్రువు స్టిక్కరు. పాత పుస్తకాలమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంవాళ్లు ధర చీటీ నేరుగా గుడ్డ మీదే అంటించి పంపారు. మెల్లగానే పీకాను, అయినా అంచు పోగు దాంతోపాటు లేచి వచ్చింది.

ఇక లోపలి సంగతి. అచ్చేస్తే వంద కాపీలు రచయితే కొనుక్కోవాలన్నది లాల్ షరతు. అదేమీ రహస్యం కాదు. డబ్బిచ్చి వేయించుకునే ప్రెస్సని దెప్పినవాళ్లు చాలామందే. తెలుగువాళ్లం మనం ఆ మాట అనకూడదు. సొంత డబ్బుతో అచ్చేయించి, ఆవిష్కరణ సభలో పంచిపెట్టి, మిగిలిన కట్టలు మంచం కిందికి తోసిన కవులు మనకి ఎంతమంది లేరు! కాకపోతే ఈ పద్ధతి వల్ల నీరసమైన కవిత్వం కూడా అదే పట్టంచు చీరలో వస్తుంది. నేను చదవలేక వదిలేసినవి కింది అరలో ఉన్నాయి.

అయినా తలుపు అంత బార్లా తీసి ఉంచబట్టే తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న ఆగా షాహిద్ అలీ, విక్రమ్ సేథ్‌ల తొలి కవితలు ఇక్కడి నుంచి వచ్చాయి. లాల్‌కి పట్టుదల కూడా ఎక్కువే. మనవాళ్ల ఇంగ్లీషు కవిత్వం ఎటూ పోని సందు అని బెంగాలీ కవి బుద్ధదేవ బోస్ అంతటివాడు ఒక విజ్ఞానకోశంలో రాస్తే, దాని మీద వందమందికి పైగా కవులకి ప్రశ్నలు పంపి, జవాబులూ కవితలూ కలిపి 1969లో లావుపాటి సంకలనం వేశారు.

నా వరకు వీటన్నిటికంటే విలువైనది శ్రీనివాస్ రాయప్రోల్. రాయప్రోలు సుబ్బారావు గారి అబ్బాయి ఇంగ్లీషు కవి అని మనలో ఎందరికి తెలుసు? సికింద్రాబాద్ మనిషి, సివిల్ ఇంజనీరు, అమెరికన్ కవి విలియం కార్లోస్ విలియమ్స్‌తో ఉత్తరాలు నడిపాడు. మొదటి సంపుటి 1968లో, రెండోది 1972లో ఈ సంస్థే వేసింది. తండ్రిగారి అమలిన శృంగారం, అంటే దేహవాంఛ అంటని ప్రేమ, కోసం వెతికితే నిరాశే. సంసారంలో ఉంటూనే ఉక్కిరిబిక్కిరయ్యే మగాడి గొంతు అది. పొట్టి పొట్టి పంక్తుల్లో, సిగ్గుపడకుండా చెప్పేస్తాడు.

1999 నుంచి లాల్ ఆదివారాలు జి.డి. బిర్లా సభాఘర్ లైబ్రరీలో మహాభారతం చదివేవారు. శ్లోకం తర్వాత శ్లోకం, తన ఇంగ్లీషులో. మన ఊళ్లలో రామకోవెల పురాణ కాలక్షేపం లాంటిదే, రాగం ఒక్కటే తక్కువ. తిక్కన పద్యాలు విని పెరిగిన చెవికి మొదట చప్పగానే ఉంది. కానీ ఆయన ఏదీ వదలడు. వంశాల పేర్లూ, ఉపదేశాలూ అన్నీ చదువుతాడు. మన కవిత్రయం ఎక్కడెక్కడ కుదించారో, గీతని తిక్కన ఎంత పొట్టిగా తేల్చేశాడో అక్కడ కూర్చున్నాకే నాకు బాగా తెలిసింది.

నాటకాల విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది, వాటిని వాడుకున్నాను కనక. ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు ఎక్కువ. సెలవు రోజు అక్కడికి వెళితే నలుగురం చేరి ఈ సంస్థ వేసిన ఆసిఫ్ కరీంభాయ్ ఇంగ్లీషు నాటకాలు పైకి చదివేవాళ్లం. పరిషత్తు నాటకాలు చూసినవాళ్లకి ఆ డైలాగు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఒకడు మొదలుపెడితే పేజీ నిండుతుంది, అవతలివాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడాలి. అప్పటికప్పుడు తెలుగులోకి తిప్పి చెప్పుకుంటే మాత్రం పాత్రలు కదిలేవి. బంగ్లాదేశ్ శరణార్థుల నాటకం 1971లోనే, ఆ వేడి చల్లారకముందే రాశాడు. ఆ జనాన్ని స్టేషన్లలో కళ్లారా చూసిన మా సీనియర్లు మధ్యలో ఆపి, "అలా కాదురా జరిగింది" అనేవారు. ఇక ఆ రోజుకి నాటకం పక్కకి పోయేది.

ఇప్పుడు సంస్థని చూసుకునేది లాల్ గారి అబ్బాయి ఆనంద లాల్. జాదవ్‌పూర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నాటకరంగం మనిషి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రాయప్రోల్‌నో, కరీంభాయ్ నాటకం ఒకటో పట్టుకోండి. పాత ముద్రణల కోసం అయితే కలకత్తాలో పుస్తకాల అంగళ్ల వీధి కాలేజ్ స్ట్రీట్‌లో తిరగాలి. గట్టిగా బేరమాడండి, అట్ట చూసి ధర చెప్పేవాళ్లే ఎక్కువ.