మూతపడ్డ సినిమా హాలు: మార్చడమా, కూల్చడమా?

భీమవరం, పాలకొల్లు వైపు పాత హాలు కొన్నవాళ్లు ముందు కూల్చడమే లెక్కేస్తారు. గోడలు నిలువుగా, బీటలు లేకుండా ఉంటే గదులు, దుకాణాలుగా మార్చడమే మేలు.

మార్చేటప్పుడు మొదటి చిక్కు నేల వాలు. 60 అడుగుల వెడల్పు, 80 అడుగుల పొడవు హాల్లో 4 అడుగుల వాలుంటే సగటు మెరక 2 అడుగులు, అంటే 96 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి పావు వంతు అదనంగా తోలించాలి. ఇసుకో గ్రావెలో 6 అంగుళాల పొరలుగా వేసి తడపాలి. చవగ్గా వస్తోందని చేలోని నల్లమట్టి పోస్తే వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుని గచ్చు పగిలిపోతుంది.

రెండోది వెలుతురు. మన ఉక్కపోతకి గది వైశాల్యంలో ఆరో వంతు కిటికీలుండాలి: 10×12 గదికి 4×5 కిటికీ. ముందు లింటెల్ (కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డదూలం) ఎక్కించి, అది గట్టిపడ్డాకే కింద గోడ కొయ్యాలి. పక్కపక్కవి ఒకేసారి కోస్తే గోడ జారుతుంది. హాలు నడిమికి ఏ కిటికీ వెలుతురూ చాలదు. అక్కడ రేకులు తీసి మండువా వదలాలి. మన పాత లోగిళ్ల కిటుకే. దుకాణాలు రోడ్డు వైపు, పాత టికెట్ల వరండాలో.

కూలిస్తే ప్లాను స్వేచ్ఛ, పై అంతస్తులు దక్కుతాయి. కానీ రోడ్డు వైపు స్థలం వదలాలి, ఈ ఒండ్రులో పైల్స్ (లోతుగా దిగే పునాది స్తంభాలు) దింపాలి, పక్కిళ్లు అదురుతాయి.

ఎలా చేసినా సిమెంటు రేకులు పగలగొట్టకండి. తడిపి, బోల్టులు విప్పి దించండి. వాటి ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకి విషం.