300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్: పొద్దున పరుగు, రాత్రి తొమ్మిదికి నత్తనడక

హైదరాబాద్ కూకట్‌పల్లిలోని మా ఇంట్లో ఈ ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుని ఎనిమిది నెలలైంది. ప్లాన్ 300 ఎంబీపీఎస్, నెలకు 999 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. ఆరు నెలల సొమ్ము ముందుగా కడితే రౌటరు ఉచితమన్నారు, కట్టాను. గడువు తీరాక మరో ఆరు నెలలకూ కట్టాను. ఇదే కంపెనీ మరో పేటలో చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు, లోపం మా ప్రాంతం వరకే కావచ్చు కనుక పేరు రాయడం లేదు.

బాగున్నవాటి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. డబ్బు కట్టిన రోజు సాయంత్రానికే తీగ లాగి, గోడకు అందంగా బిగించి వెళ్లారు. ఎనిమిది నెలల్లో లైను రెండుసార్లే పోయింది, రెండుసార్లూ రోడ్డు తవ్వకాల వల్లే. అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్‌తో సమానంగా వస్తుంది. ఆఫీసు వీడియో కాల్స్‌లో ఒక్కసారి కూడా గొంతు తెగిపోలేదు.

చిక్కంతా రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై పదకొండు దాటాక సర్దుకుంటుంది. ఆ వేళలో టీవీలో ఏ వీడియో పెట్టినా మొదటి నిమిషం స్పష్టంగా వచ్చి, తర్వాత మసకబారి, చివరికి తెర మధ్యన చక్రం తిరుగుతుంది. క్రికెట్ చూస్తుంటే మూలన ఉన్న స్కోరు తప్ప మరేదీ సరిగా కనిపించదు. బంతి ఎటు వెళ్లిందో ఫీల్డరు పరుగెత్తే దిక్కును బట్టి ఊహించుకోవలసిందే.

మూడోసారి ఫిర్యాదు చేశాక ఒక రాత్రి లైన్‌మ్యాన్ వచ్చాడు. టీవీ ముందు నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, "చూడండి సార్, 312 వస్తోంది. లైన్ క్లియర్‌గా ఉంది, మీ టీవీలోనే ఏదో ఉంది" అన్నాడు. అతని భుజం వెనకాల తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మా నాన్నగారు కళ్లజోడు సవరించుకుని, "నీ ఫోన్‌లో అంకె బాగానే ఉంది బాబూ, నేను చూసేది మాత్రం ఈ టీవీ" అన్నారు. పాపం అతను చేయగలిగింది కూడా ఏమీ లేదు. రౌటరు ఒకసారి ఆపి, మళ్లీ వేసి వెళ్లిపోయాడు.

అతని ఫోన్‌లోని అంకె అబద్ధం కాదు, కానీ అది మరో ప్రశ్నకు జవాబు. స్పీడ్ టెస్ట్ యాప్ సాధారణంగా దగ్గరలోని సర్వరును ఎంచుకుంటుంది, ఆ సర్వరు చాలాసార్లు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అంటే అది కొలిచేది మన ఇంటి నుంచి కంపెనీ గుమ్మం వరకు ఉన్న దారిని. వీడియో సంగతి వేరు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు ఎక్కువమంది చూసే వీడియోలను దాచి ఉంచే సర్వర్లను కంపెనీల దగ్గరే పెట్టే ఏర్పాటు చేస్తాయి. ఆ సర్వరు లేనిచోట, లేదా ఉన్నది చాలనిచోట, వీడియో బయటి నెట్‌వర్క్ నుంచి, దాన్ని కంపెనీ నెట్‌వర్క్‌తో కలిపే లింకు దాటి రావాలి. ఊరంతా టీవీ పెట్టే వేళకు ఆ లింకు నిండిపోతే, ఇంటి లోపల 300 ఉన్నా 3000 ఉన్నా ఒకటే. కాలనీ రోడ్డు వంద అడుగులున్నా మెయిన్ రోడ్డు ఎక్కే చోట ఒక్క ఆటో పట్టే సందు ఉంటే ఏమవుతుందో మా పేట వాళ్లకు వివరించనక్కరలేదు.

తప్పు మా వై-ఫైది కావచ్చన్న అనుమానం మిగలకుండా, ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ తగిలించి వారం రోజులు చూశాను. యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' పెట్టెలో కనెక్షన్ వేగం కనిపిస్తుంది. ఉదయం ఆరింటికి అది 90 ఎంబీపీఎస్ చుట్టూ ఉండేది, రాత్రి తొమ్మిదిన్నరకు 2కూ 9కీ మధ్య ఊగిసలాడేది. అదే నిమిషంలో స్పీడ్ టెస్ట్ మాత్రం 300 చూపించేది. 2016లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ఫాస్ట్ డాట్ కామ్ ఆ సంస్థ సొంత వీడియో సర్వర్లతోనే వేగం కొలుస్తుంది కాబట్టి దాన్ని కూడా చూశాను: 11. ఫుల్ హెచ్‌డీకి 5, అంతకన్నా స్పష్టమైన 4కెకు 15 ఎంబీపీఎస్ చాలునని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. మూడు వందలకు డబ్బు కట్టినవాడికి ఆ పదిహేను అందడం లేదన్నమాట.

చివరగా వీపీఎన్, అంటే మన ట్రాఫిక్‌ను గుట్టుగా మరో సర్వరు మీదుగా పంపే యాప్, పెట్టి చూశాను. అర నిమిషం తిరగకుండానే మసక 480పీ నుంచి బొమ్మ 4కెకు ఎక్కింది. వీపీఎన్‌లో మనం ఏం చూస్తున్నామో కంపెనీకి తెలియదు కాబట్టి, వీడియోను గుర్తుపట్టి కావాలనే దాని వేగం నొక్కుతున్నారని చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేస్తారు. నేను అంతదూరం వెళ్లను. వీపీఎన్ గుట్టు దాచడంతోపాటు దారిని కూడా మారుస్తుంది, నిండిన లింకును తప్పించుకుని వచ్చి ఉండవచ్చు. కావాలని పరిమితి పెడితే వేగం సాధారణంగా రోజూ ఒకే అంకె దగ్గర ఆగుతుంది; మాకు మాత్రం అది రద్దీతో పాటు పెరుగుతూ తరుగుతూ ఉంది, మ్యాచ్ ఉన్న ఆదివారం మధ్యాహ్నం కూడా పడిపోయింది. అందుకే ఇది నొక్కడం కాదు, ఇరుకును ఇరుకుగానే వదిలేయడం అని నా అభిప్రాయం. నెలల తరబడి రోజూ నిండుతున్న లింకును తెలిసీ వెడల్పు చేయకపోతే, కట్టేవాడికి ఆ రెంటికీ తేడా ఏముందన్నది వేరే ప్రశ్న. అమెరికాలో 2013 చివర కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ చందాదారులకు నెట్‌ఫ్లిక్స్ మందగించినప్పుడు నడిచిన తగువు కూడా ఇదే. 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ డబ్బు చెల్లించి నేరుగా కలుపుకునే ఒప్పందం చేసుకున్నాక అక్కడి వేగం మళ్లీ పెరిగింది.

మన దేశంలో నియమం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నవంబరులో చేసిన సిఫార్సులను ప్రభుత్వం 2018లో ఆమోదించింది; వాటి ప్రకారం ఒక రకం కంటెంట్‌ను అడ్డుకోవడం, నెమ్మది చేయడం కుదరదు, సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు మినహాయింపు ఉంది. అయితే ఇరుకైన లింకు ఈ నియమానికి దొరకడం కష్టం, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరినీ ఎంచి ఆపడం లేదు. మా ప్లాన్‌లో నెలకు 3,300 జీబీ దాటితే వేగం తగ్గుతుందన్న షరతు కూడా ఉంది కానీ, మా వాడకం ఏ నెలా 700 దాటలేదు.

కస్టమర్ కేర్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) వచ్చిన రెండు గంటలకే 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఎస్సెమ్మెస్ వచ్చేది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉండేది. నాలుగో డాకెట్ కూడా అలాగే మూతపడ్డాక ఫిర్యాదు తేలకపోతే అప్పీలు వినే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి రాశాను. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. ఏడు రాత్రుల స్క్రీన్‌షాట్లు, ఒక్కోదానిలో ఎడమవైపు స్పీడ్ టెస్ట్, కుడివైపు వీడియో వేగం, రెంటికీ ఒకే టైమ్ కనిపించేలా జతచేశాను. తొమ్మిదో రోజు ఒక నెట్‌వర్క్ ఇంజనీరు ఫోన్ చేసి, టీవీ మాట ఎత్తకుండా, "రూటింగ్ మార్చాం సార్, ఈ రాత్రి చూసి చెప్పండి" అన్నారు. ఆ రాత్రి 4కె ఒక్కసారి కూడా ఆగలేదు. మూడు వారాలు అలాగే నడిచి, ఇప్పుడు మ్యాచ్ ఉన్న రోజుల్లో మళ్లీ 1080పీకి, అంటే ఫుల్ హెచ్‌డీకి, దిగుతోంది. మసక లేదు, చక్రం లేదు కనుక నాన్నగారు ఊరుకుంటున్నారు.

ఐదుకు రెండున్నర ఇస్తాను. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, పెద్ద ఫైళ్లు పంపేవాళ్లు నిస్సందేహంగా తీసుకోవచ్చు. రాత్రిపూట టీవీ కోసమే అయితే ముందు అదే వీధిలో ఇదే కనెక్షన్ ఉన్న ఇంటికి తొమ్మిదిన్నరకు వెళ్లి పది నిమిషాలు కూర్చుని చూడండి, ఆరు నెలల అడ్వాన్సు సంగతి తర్వాత. నా అడ్వాన్సు ఇంకో నాలుగు నెలలుంది. అది తీరాక ఇదే కంపెనీలో 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు దిగి, ఒక్కో నెలకే కడతాను.