ఆ రెండు రోజుల శిక్షణ: మూడేళ్లు వాడాక నా మాట

2022 జూన్‌లో ఒక రెండు రోజుల శిక్షణకి వెళ్లాను. తమను తాము గాయపరచుకునే పిల్లలకి ఎలా తోడుండాలి అన్నది విషయం. కౌన్సెలర్లు, నర్సులు, టీచర్లు కలిపి ఇరవై మందిమి. నేను ఒక ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో కౌన్సెలర్‌ని. ఫీజు కాలేజీ కట్టలేదు, నేనే పెట్టుకున్నాను. అందుకే కాబోలు ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అని ఇంతగా లెక్క చూసుకుంటున్నాను.

మొదటి రోజు పొద్దున చేయించిన ఒక్క రోల్‌ప్లేకే నా డబ్బు గిట్టుబాటైంది. ఒకరు విద్యార్థి, ఒకరు కౌన్సెలర్. విద్యార్థి స్లీవ్ పైకి లాగి చేయి చూపించాలి. కౌన్సెలర్ నోట్లోంచి వచ్చే మొదటి మాటని పక్కవాళ్లు రాసుకోవాలి. నా మాట: "అయ్యో, ఎందుకిలా చేశావమ్మా?" ప్రేమగానే అన్నాననుకున్నాను. ఎదురుగా కూర్చున్నావిడ సీనియర్ నర్సు, చేస్తున్నది నటనే. అయినా చప్పున స్లీవ్ దించేసుకుంది. "ఎందుకు అంటే సంజాయిషీ అడిగినట్టే" అన్నారు శిక్షణ ఇచ్చిన మేడమ్. ముందు గాయం సంగతి చూడండి, కట్టు కట్టేటప్పుడు మీ మొహం మామూలుగా ఉంచుకోండి, ఆ తర్వాత ఏం జరిగిందో నిదానంగా అడగండి అని చెప్పారు. వినడానికి ఏముంది, చేయడమే కష్టం. ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి నిద్రమత్తులో మళ్లీ ఆ "ఎందుకు" నా నోట్లోంచి వచ్చేసింది. ఆ అమ్మాయి వారం దాకా నా గది వైపు రాలేదు.

వెళ్లకముందు నేనూ "అటెన్షన్ కోసం చేస్తారు" అనేదాన్నే. ఎండాకాలంలో కూడా నిండు చేతుల డ్రెస్ వేసుకుని నెలల తరబడి దాచుకునేది అటెన్షన్ కోసం ఎలా అవుతుందని అక్కడ ఎవరో అడిగితే నా దగ్గర జవాబు లేదు. చాలామందికి అది చావాలని చేసే పని కాదు, మోయలేని బాధ కాసేపు దిగడానికి దొరికిన దారి. అలాగని తేలిగ్గా వదిలేయకూడదు, ఆత్మహత్య ముప్పు వీళ్లలో మామూలుకంటే ఎక్కువే. కాబట్టి ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

చిక్కల్లా ఎలా అడగాలన్న దగ్గరే. స్లైడ్లన్నీ ఇంగ్లీషు, ప్రశ్నలూ ఇంగ్లీషే. మా పిల్లలు వీక్లీ టెస్ట్ పేరు చెప్పినా "చచ్చిపోవాలనిపిస్తోంది మేడమ్" అంటారు. అందులో ఏది మాటవరస, ఏది కాదు? నాలుగైదు రకాలుగా అడిగి చూశాక నాకు కుదిరింది ఇది: "ఊరికే అంటున్నావా, నిజంగానే ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?" ఇలా అడిగితే ఇప్పటిదాకా ఎవరూ నొచ్చుకోలేదు. ఇద్దరు మాత్రం చాలాసేపు ఏడ్చి, ఆ తర్వాత చెప్పారు. ఇది శిక్షణలో నేర్పాల్సిన విషయం, నేను తడుముకుంటూ నేర్చుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నమంతా ఒక ఫారం నింపడమే. ప్రశ్నలకి మార్కులు వేసి, కూడి, ముప్పు తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని రాయాలి. అదే ఏడాది సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో వైద్యం ఎలా చేయాలో సూచించే ప్రభుత్వ సంస్థ నైస్ ఇచ్చిన మార్గదర్శకాలు, ముందు ముందు ఏం జరుగుతుందో చెప్పడానికి ఇలాంటి స్కోర్లు వాడొద్దన్నాయి, మనుషుల్ని తక్కువ, ఎక్కువ అని విడదీయొద్దన్నాయి. మా ప్రిన్సిపల్‌గారికి మాత్రం ఇప్పటికీ ఆ ఫారమే ఇష్టం. ఫైల్లో పెట్టుకోవచ్చు కదా! నేను దాని వెనకవైపు, అవసరమైతే ఎవరికి ఫోన్ చేస్తావు, ఎవరి గదికి వెళ్తావు అని పిల్లల చేతే రాయిస్తాను. మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీమానస్ నంబరు 14416 కూడా అక్కడే రాయిస్తాను. అది 2022 అక్టోబర్ 10న మొదలైంది కాబట్టి శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో లేదు. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

చట్టం గురించి చెప్పిన అరగంట బాగుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఇక చావాలన్న ఉద్దేశమే లేని గాయానికి పోలీసు కేసు భయమెందుకు? అయినా హాస్టల్లో ఆ భయం పోలేదు.

అన్నిటికంటే పెద్ద లోటు, వార్డెన్లని పిలవకపోవడం. ముందు చూసేది వాళ్లే. ఒకసారి స్టడీ అవర్‌లో అందర్నీ వరసగా నిలబెట్టి చేతులు చూపించమన్నారు. దాచుకోవడం తెలియనివాళ్లకి కూడా ఆ రోజు నేర్పినట్టయింది. ఆ తర్వాత పుస్తకంలో నాలుగు పేజీలు జిరాక్స్ తీసి వాళ్లతో కూర్చున్నాను. మెస్‌లో పనిచేసే ఆయమ్మకి మాత్రం ఏమీ నేర్పాల్సిన పనిలేకపోయింది. "మీగడ పెరుగు పక్కన పెట్టాను, రా తల్లీ" అని ఒక పిల్లని రోజూ తన దగ్గరే కూర్చోబెట్టుకునేది.

తల్లిదండ్రులకి చెప్పడం గురించి ఇరవై నిమిషాలు కూడా కేటాయించలేదు. గుట్టుగా ఉంచుతానని మాటివ్వొద్దు, ప్రాణానికి ముప్పుంటే ఇంట్లో చెప్పక తప్పదని పిల్లలకి ముందే చెప్పండి అన్నారు. బాగుంది. కానీ రాత్రి బస్సెక్కి వచ్చిన నాన్న గేటు దగ్గరే "ర్యాంకు మీద దెబ్బ పడుతుందా మేడమ్" అంటే ఏం చెప్పాలి? ఇప్పుడు ఫోన్లోనే చెప్పేస్తున్నాను: వచ్చీ రాగానే చేయి చూపించమనకండి, అన్నం తిన్నావా అని అడగండి.

ఏడాదిపాటు ప్రతి నెలా ఆన్‌లైన్లో కలుద్దామన్నారు. మూడుసార్లు కలిశాం. ఆ గ్రూపులో ఇప్పుడు గుడ్ మార్నింగ్ పువ్వులు వస్తున్నాయి. ఒక పిల్ల గాయం చూసిన రోజు ఇంటికెళ్లి అన్నం సహించక కూర్చుంటే ఎవరితో చెప్పుకోవాలో ఆ రెండు రోజుల్లో ఎవరూ అనలేదు. నేను పాత క్లాస్‌మేట్ ఒకావిడకి ఫోన్ చేస్తాను, తనూ కౌన్సెలరే.

వెళ్లొచ్చా అని అడిగితే, వెళ్లండి. మొదటి రోజు అసలు వదులుకోవద్దు. తర్వాతి బ్యాచ్‌కి నేనూ మళ్లీ పేరిచ్చాను, రోల్‌ప్లే తెలుగులో చేయించాలని షరతు పెట్టి. ఈసారి మా గర్ల్స్ హాస్టల్ వార్డెన్‌ని వెంట తీసుకెళ్తున్నాను. ఆవిడ ఫీజు కాలేజీ కడుతుందా అన్నది ఇంకా తేలలేదు.