ముప్పై రూపాయల బిళ్ల సెల్లు, మూడు యాంటీవైరస్‌లు: దేవరకొండ సెంటర్‌లో నా అనుభవం

దేవరకొండలో నేను నడుపుతున్న ఆన్‌లైన్, జిరాక్స్ సెంటర్‌లో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి 2014లో కొన్నది, రెండోది 2021లో వచ్చింది. ఉద్యోగ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, భూమి కాగితాలు పట్టుకొని వచ్చేవాళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ ఈ రెండింటిలోనే పెట్టాలి కాబట్టి యాంటీవైరస్ లేకుండా ఇక్కడ ఒక్క పూట కూడా గడవదు. ఇన్నేళ్లలో మూడు యాంటీవైరస్‌లు వాడాను. మొదటిదాన్ని మాత్రం ఏ తప్పూ లేకుండానే తీసేశాను.

ఒక సోమవారం ఉదయం పాత కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైటూ తెరుచుకోలేదు. ‘యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్’ అని క్రోమ్ చెబుతూనే ఉన్నది గానీ, అదే సమయంలో యాంటీవైరస్ కూడా అప్‌డేట్ కాలేదని ఎర్ర గుర్తు చూపడంతో నేను దీన్ని వైరస్ పనే అనుకున్నాను. ఉన్నదాన్ని తీసేసి, మరో కంపెనీ యాంటీవైరస్‌కు ఏడాది కీ (లైసెన్స్ కోడ్) కొని తెచ్చి వేస్తే, అది ఆ కీ చెల్లదన్నది. అమ్మినాయనతో ఫోన్‌లో వాదిస్తుండగా, ప్రింటు కోసం వచ్చిన డిగ్రీ పిల్లవాడు తెర కింది మూలకు వేలు చూపి, “అన్నా, నీ సిస్టంల ఇంకా 2009 నడుస్తున్నది” అన్నాడు.

సురక్షిత వెబ్‌సైటు ప్రతిదానికీ ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుందని రాసి ఉంటుంది. కంప్యూటర్ తాను 2009లో ఉన్నాననుకుంటే, నిరుడు ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. యాంటీవైరస్ అప్‌డేట్లూ, కీ పరిశీలనా అదే రకం సురక్షిత మార్గంలో జరుగుతాయి కాబట్టి అవీ ఆగిపోతాయి.

తేదీ వెనక్కి పోవడానికి కారణం మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు) మీద ఉండే సీఆర్2032 అనే బిళ్ల సెల్లు, అంటే చిన్న గుండ్రటి బ్యాటరీ. ఆ సంఖ్యలో 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్నాయి. దాని వోల్టేజి 3 వోల్టులు. కంప్యూటర్‌కు కరెంటు అందుతున్నంతసేపు, షట్‌డౌన్ చేసి ఉన్నా సరే, లోపలి గడియారం ఆ కరెంటుతోనే నడుస్తుంది. గోడ మీది స్విచ్ ఆపినప్పుడే సెల్లు మీద భారం పడుతుంది. నేనేమో రోజూ రాత్రి షట్టర్ దించేముందు మెయిన్ ఆపేస్తాను. మల్టీమీటర్‌తో కొలిస్తే పాత సెల్లు 2.4 వోల్టులు చూపింది. వాచీలు బాగుచేసే దుకాణంలో ముప్పై రూపాయలకు విడిగా కొన్న సెల్లు నాలుగు నెలలకే నీరసించింది. ఎంతకాలం నుంచి డబ్బాలో పడి ఉన్నదో ఏమో. అట్టకు సీలు చేసి ఉన్నదే అడిగి తీసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, పక్కనున్న క్లిప్పును గోటితో నెడితే సెల్లు ఎగిరి పైకి వస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. అంతకుముందే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) తెరలను ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది, ఎందుకంటే సెల్లు తీస్తే హార్డ్ డిస్క్ మోడ్ సహా అన్నీ మొదటి స్థితికి పోవచ్చు, అప్పుడు విండోస్ తెరుచుకోకపోవచ్చు.

సెల్లు మార్చాక కూడా తేదీని ఒకసారి చేత్తో దిద్దాలి. ఇంటి కంప్యూటర్లలో విండోస్ మామూలుగా వారానికోసారి నెట్‌లో సరైన సమయం చెప్పే టైమ్ సర్వర్‌తో సరిచూసుకుంటుంది, కానీ తేడా 15 గంటలు మించితే తనంతట తాను దిద్దుకోదు.

రెండో కంప్యూటర్‌ది వేరే కథ. విండోస్ కొత్తగా వేయించినప్పుడు టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌లోనే ఉండిపోయింది. వెబ్‌సైట్లన్నీ తెరుచుకున్నాయి, కానీ ఉదయం పూట తీసిన ప్రింట్ల పైమూలన నిన్నటి తేదీ పడింది. ఒక పెద్దాయన రసీదు తిప్పి చూసి, “నిన్న నేను ఊర్లనే లేను గదా” అన్నాడు. నేను గంటలు మార్చిన ప్రతిసారీ, మళ్లీ సింక్ కాగానే పాత తప్పే తిరిగివచ్చింది. జోన్‌ను చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న +5:30కి మార్చాక గానీ అది కుదురుకోలేదు.

ఇక యాంటీవైరస్ సంగతి. ఏడాది కీతో కొన్నది వైరస్‌లను బాగానే పట్టింది, కానీ గడువుకు రెండు నెలల ముందు నుంచే డబ్బు కట్టమంటూ తెరకు అడ్డంగా కిటికీలు పెట్టింది. కౌంటర్ దగ్గర ఐదుగురు నిలబడి ఉన్నప్పుడు అది భరించడం కష్టం. తరువాత విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌కు మారాను. నాలుగేళ్లుగా అదే వాడుతున్నాను. ఫోల్డర్లను దాచి వాటి చోట షార్ట్‌కట్లు పెట్టే వైరస్ పెన్‌డ్రైవ్‌లో వస్తే, తెరవగానే పట్టుకుంటున్నది. అయితే దాని ఫుల్ స్కాన్ పెన్‌డ్రైవ్‌లను మామూలుగా చూడదు కాబట్టి, అనుమానం వచ్చినదాన్ని రైట్ క్లిక్ చేసి విడిగా స్కాన్ చేస్తాను. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ నుంచి ఫోల్డర్లను కాపాడే సదుపాయం 2017 నుంచీ ఉన్నా, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెట్టుకుంటే భద్రత రెట్టింపవుతుందని నా దగ్గర వాదించేవాళ్లున్నారు. అవి ఒకే ఫైలు కోసం పోట్లాడుకొని కంప్యూటర్‌ను కుంగదీస్తాయి, అంతే. డబ్బు పెట్టి కొనాలనుకునేవాళ్లు అమ్మేవాళ్ల మాట కన్నా, జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ ఇచ్చే మార్కులు చూడటం నయం. రక్షణకు, వేగానికి, వాడుకకు ఆరేసి చొప్పున మొత్తం 18.

పాత కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కు వైరస్ వివరాలు 2028 అక్టోబర్ దాకా అందుతాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ, విండోస్‌లోని లోపాలను అవి పూడ్చవు. అందుకే దాన్ని నెట్ నుంచి తప్పించి, టైపింగుకూ ప్రింటుకూ మాత్రమే వాడుతున్నాను. నెట్ లేదు కాబట్టి దాని గడియారాన్ని సరిచేసేవాళ్లు ఎవరూ లేరు. పిడుగుల భయానికి రాత్రిపూట మెయిన్ ఆపడమూ మానలేను. క్యాబినెట్ తలుపు లోపలివైపు సెల్లు వేసిన తేదీని టేపు మీద రాసి అంటించాను, మూడేళ్లు నిండేలోపే మారుస్తున్నాను.