ష్తోర్మ్ అనాలా, బూర్యా అనాలా?

తుఫాను గురించి రష్యన్‌లోకి అనువదించేటప్పుడు ముందుగా ఎదురయ్యే మాటలు ఈ రెండే: ష్తోర్మ్, బూర్యా.

ష్తోర్మ్ డచ్చి నావికుల నుంచి వచ్చిన మాట. ఇప్పటికీ దాంట్లో ఉప్పునీటి వాసన పోలేదు. గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేల్ మీద 9వ అంకె గాలికి, అంటే సెకనుకు 20.8 నుంచి 24.4 మీటర్ల వేగానికి, రష్యన్‌లో పేరే ష్తోర్మ్. ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన చూడండి. రెండు తాళ్ల మధ్య చెక్క మెట్లు, కెరటానికి అటూ ఇటూ ఊగుతుంటుంది. దాన్ని ష్తోర్మ్‌త్రాప్ అంటారు. కొండలెక్కేవాళ్లు వేసుకునే, గాలి దూరని జాకెట్ ష్తోర్మోవ్కా. అంటే ఈ మాట ఒడ్డు కూడా ఎక్కేసిందన్నమాట!

బూర్యా అచ్చమైన స్లావ్ మాట. దుమ్ము, ఇసుక, మంచు, చివరికి సూర్యుడి వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో రేగే అలజడి, అన్నిటికీ ఇదే. మగ్నీత్నయ బూర్యా అన్నచోట ష్తోర్మ్ పెడితే రష్యన్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకు బూర్యాయే ఎక్కువ ఇష్టం, కవిత్వానికి బాగా ఒదుగుతుంది. కానీ వాతావరణ హెచ్చరికకు మాత్రం ష్తోర్మవోయే ప్రిదుప్రెజ్దేనియే అనే రాయాలి, అది నేలమీది గాలి గురించైనా సరే.

భవన నిర్మాణంలో రెండూ పనికిరావు. ఇంగ్లిష్‌లో స్టార్మ్ డ్రెయిన్ అనే వాననీటి కాలువను రష్యన్‌లో లివ్న్యోవ్కా అంటారు, కుండపోత వాన అనే అర్థమున్న లీవెన్ నుంచి.